ఫౌతి నోటీసు నది దాటాలి

ఒకప్పుడు గద్వాల, వనపర్తి, కొల్లాపూర్ సంస్థానాల్లో వారసుడు ఎవరన్నది నిజాం ఆమోదంతో తేలేది. ఇప్పుడు ఇదే నేలమీద రెండు మూడెకరాల చెలకకు వారసులెవరో తేలక అన్నదమ్ములు, ఆడబిడ్డలు కోర్టు వాయిదాల చుట్టూ తిరుగుతున్నారు. జూరాల, నెట్టెంపాడు, భీమా, కల్వకుర్తి పథకాల నీళ్లు పారిన చోట ఎకరం విలువ పెరిగింది. అంతకుముందు ఎవరూ అడగని వాటాలను అడిగే రోజులొచ్చాయి. అడగడం తప్పు కాదు. ఆ మాట ఎక్కడ, ఎప్పుడు వినబడుతుందన్నదే అసలు ప్రశ్న. నా దృష్టిలో వారసత్వ తగాదా పుట్టేది కోర్టులో కాదు, పట్టాదారు పోయాక తహసిల్దారు ఆఫీసులో ఫౌతి కోసం, అంటే పట్టాను వారసుల పేరు మీదికి మార్చడం కోసం, దరఖాస్తు పడిన రోజు. పరిష్కారం కూడా అక్కడే మొదలుకావాలి.

2020 పట్టాదారు పాసుపుస్తకాల చట్టం కింద, ధరణి పోర్టల్ కాలంలో, వారసులు రాసుకున్న ఉమ్మడి ఒప్పందం చూపితే పేరు మారిపోయేది. అందులో ఎవరి పేరు వదిలేశారో ఆరా తీసే అధికారం తహసిల్దారుకు ఉండేది కాదు, ఆ మార్పు మీద అప్పీలూ ఉండేది కాదు. పేరు దక్కనివాళ్లకు మిగిలింది సివిల్ దావా ఒక్కటే. 2025లో వచ్చిన భూభారతి చట్టం ఈ లోపాన్ని కొంత సరిదిద్దింది. వారసత్వమైనా వీలునామా అయినా నోటీసులిచ్చి, విచారించి, ఆ తర్వాతే పేరు మార్చాలంది. ఆర్డీవోకు, కలెక్టరుకు అప్పీలు చేసుకునే దారీ తెరిచింది. చట్టంలో మాట మంచిదే. కానీ ఆ నోటీసు అందేది ఎవరికి?

ఇక్కడి భౌగోళిక స్థితిని ఒకసారి చూడాలి. గద్వాల కృష్ణకూ తుంగభద్రకూ మధ్యనున్న నడిగడ్డ. ఒకపక్క రాయచూరు, మరోపక్క కర్నూలు. ఈ ఊళ్ల ఆడపిల్లలు నది దాటి, రాష్ట్రం దాటి మెట్టినింటికి వెళ్తారు. కొడుకుల్లో కొందరు ముంబయి, పుణె, హైదరాబాద్ కూలి అడ్డాల్లో ఉంటారు. పంచాయతీ గోడకు అంటించిన కాగితం ఊళ్లో ఉన్న అన్నకు మాత్రమే కనబడుతుంది. 1985 సెప్టెంబర్ 5 నుంచే ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అప్పటికి పెళ్లికాని కూతుళ్లకు పిత్రార్జితంలో కొడుకులతో సమాన హక్కు ఇచ్చింది. 2005 సెప్టెంబర్ 9న కేంద్ర సవరణ ఆ హక్కును పెళ్లయిన కూతుళ్లకూ వర్తింపజేసింది. ఆ తేదీకి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని, నోటిమాట పంపకాన్ని తేలిగ్గా నమ్మరాదని వినీతా శర్మ కేసులో 2020 ఆగస్టు 11న సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని ఉన్నా ఆ హక్కు నోటీసు దగ్గరే ఆగిపోతోంది. అందుకే వారసుల జాబితాలో పెళ్లయిన కూతుళ్ల పేర్లు, మెట్టినింటి చిరునామాలు తప్పనిసరి చేయాలి. నోటీసు స్పీడ్ పోస్టులో వెళ్లాలి, ఫోనుకూ చేరాలి.

తహసిల్దారు జడ్జి కాదు గదా, అన్న అభ్యంతరం న్యాయమైనదే. మ్యుటేషన్ వల్ల, అంటే రికార్డులో పేరు మారినంత మాత్రాన, యాజమాన్య హక్కు రాదని, వీలునామాపై వివాదముంటే సివిల్ కోర్టుకే వెళ్లాలని 2021లో జితేంద్ర సింగ్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. వీలునామాకు ఇద్దరు సాక్షులుండాలి. అనుమానం కలిగించే పరిస్థితులుంటే వాటిని తొలగించే బాధ్యత దాన్ని ముందుకు తెచ్చినవాడిదేనని 1958లోనే వెంకటాచల అయ్యంగార్ కేసు స్థిరపరిచింది. రిజిస్టరైనంత మాత్రాన అది తిరుగులేనిది కాదు. అలాంటి తూకం రెవెన్యూ ఆఫీసు వేయలేదు, వేయకూడదు కూడా. నేను కోరేది తీర్పు కాదు. వారసులందరినీ పిలవడం, వివాదం కనబడితే అదే వారం ఫైలును జిల్లా న్యాయసేవాధికార సంస్థకు పంపడం, అంతే. 2022 జూన్ 2 నుంచి ఆ పాత సంస్థానాల ప్రాంతంలోని మూడు జిల్లాలకూ సొంత జిల్లా కోర్టులున్నాయి. అక్కడ రాజీ కుదిరితే లోక్ అదాలత్ అవార్డుగా రాయవచ్చు. 1987 న్యాయసేవల చట్టం ప్రకారం అది కోర్టు డిక్రీతో సమానం, దానిపై అప్పీలు ఉండదు.

రాజీ అంటేనే ఆడబిడ్డను ఒప్పించడమని భయపడేవాళ్లున్నారు. ఆ భయాన్ని నేను కొట్టిపారేయను. పెద్దమనుషుల పంచాయితీలో పసుపు కుంకుమల పేరుతో చీర సారె పెట్టి వేలిముద్ర వేయించుకున్న ఉదంతాలు ఈ ప్రాంతానికి కొత్త కావు. రేపు అన్న గడప తొక్కాలి, పుట్టింటి దారి మూసుకుపోకూడదు అన్న బెంగతో చేసే సంతకాన్ని ఇష్టం అనలేం. అయితే ఆ ఒత్తిడి రచ్చబండ దగ్గర ఇప్పటికే ఉంది, కాకపోతే దానికి రికార్డు లేదు. న్యాయసేవల చట్టంలోని 12వ సెక్షన్ కింద ఆదాయంతో నిమిత్తం లేకుండా ప్రతి మహిళకూ ఉచిత న్యాయవాది దొరకాలి. ఆ న్యాయవాది ఆమెతో అన్నదమ్ములు లేకుండా విడిగా మాట్లాడి, వాటా ఎంతో, దాని విలువెంతో చెప్పాకే హక్కు విడుదల పత్రం రిజిస్ట్రేషన్‌కు వెళ్లాలి. కొన్ని వారాలు గడువిచ్చి మళ్లీ అడగాలి. అప్పుడూ వదులుకుంటానంటే అది ఆమె నిర్ణయం.

ఇదంతా చేస్తే ఫౌతి ఆలస్యమై రైతు భరోసా పెట్టుబడి సాయం ఆగదా? వివాదం లేని ఇళ్లలో ఆగనక్కర్లేదు, అందరూ సంతకాలు చేస్తే పేరు నెలలో మారిపోతుంది. వివాదమున్న చోట మాత్రం భూమి అమ్మకాన్ని ఆపి, సాగు చేస్తున్నవారికి ఆ సీజన్ సాయం తాత్కాలికంగా ఇస్తూ, అది హక్కుకు రుజువు కాదని పాసుబుక్కులోనే రాయాలి. ఈ పని రాయచూరు, కర్నూలు జిల్లాల న్యాయసేవాధికార సంస్థలతో ఒప్పందం కుదుర్చుకుని నడిగడ్డ మండలాల్లో ముందుగా మొదలుపెట్టాలి. అక్కడి కోడలు గద్వాల దాకా బస్సెక్కి రాకుండానే తన అభ్యంతరాన్ని తన తాలూకాలోనో మండలంలోనో రాసి ఇవ్వగలగాలి.