పెద్దవారిలో నిలకడలేమి

కొందరు పెద్దవారైనా రోజూ తాళంచెవులు వెతుక్కుంటారు. మొదలుపెట్టిన పని ముగించరు. ఎదుటివారి మాట పూర్తికాకమునుపే అందుకుంటారు. ఇంట్లోవారు ‘బద్ధకం’ అని తేల్చివేస్తారు. ఇది ఏ.డి.హెచ్.డి. అనే రుగ్మత కావచ్చును. దీనిని పట్టియిచ్చే రక్తపరీక్ష లేదు. అమెరికా మానసికవైద్య సంఘం 2013లో ప్రకటించిన ప్రమాణాల ప్రకారం, 17 ఏండ్లు నిండినవారిలో పరధ్యాన లక్షణాలు గాని, నిలకడలేమి లక్షణాలు గాని కనీసం 5 వుండాలి. అవి 6 నెలలుగా ఇంటా, పనిచోటా ఇబ్బంది పెడుతూండాలి. కొన్ని 12 ఏండ్లలోపే కనిపించి వుండాలి. నిద్రలేమి, దిగులు, థైరాయిడ్ జబ్బు కూడా ఇట్లాగే కనిపిస్తవి గనుక సొంతంగా నిర్ణయించుకోరాదు. మానసిక వైద్యుని వద్దకు వెళ్ళేటప్పుడు, చిన్ననాటి సంగతులెరిగిన అమ్మనో అక్కనో వెంట తీసుకువెళ్ళండి. ‘మావాడు చిన్నప్పటినుంచీ ఇంతే’ అని విసుక్కునే మాటే అక్కడ డాక్టరుకు పనికివచ్చే ఆధారం.