గోల్కొండ కథ బందరు దాకా

మా ఇబ్రహీంపూర్‌లో నీళ్లంటే చెరువు, బావి, ఇంటింటికీ తవ్వుకున్న ఇంకుడు గుంత. సముద్రం మాకు ఒక రాత్రి బస్సు ప్రయాణం. ఈ చలికాలం ఊరి పిల్లల్ని వెంటబెట్టుకుని బందరు పోతే, బస్సు దిగగానే ఒక అమ్మాయి అడిగింది: "సార్, గీ ఊరితోని మనకేం సంబంధం?" ఈ వారం శీర్షిక ఆ పిల్లకు జవాబు.

బందరు మన రేవు, బిడ్డా. కుతుబ్‌షాహీలు గోల్కొండలో కూర్చుని ఏలితే, వాళ్ల రాజ్యానికి సముద్రం వైపు వాకిలి ఈ బందరే, అంటే మచిలీపట్నం. నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మన కమ్మరులు చేసిన ఉక్కును వెతుక్కుంటూ పర్షియా వర్తకులు వచ్చేవాళ్లు. ఖమ్మం దగ్గరి నాగులవంచలో డచ్చివాళ్లు ఏకంగా వర్తక స్థావరమే పెట్టుకున్నారు.

ఇంగ్లిషువాళ్లు 1611లో బందరులో దిగారు. 1632లో అబ్దుల్లా కుతుబ్‌షా వాళ్లకు 'బంగారు ఫర్మానా' ఇచ్చాడు. ఏడాదికి 500 వరహాలు కట్టి రాజ్యపు రేవుల్లో వర్తకం చేసుకోమన్నాడు. 1759లో వాళ్లే ఫ్రెంచివాళ్లను ఓడించి బందరు కోట పట్టుకున్నారు. అనుమతి అడుక్కున్నవాడు 127 ఏళ్లలో కోటకు యజమాని అయ్యాడు. వలస పాలన ఎట్లా మొదలైందో చెప్పడానికి ఇంతకన్నా మంచి తరగతి గది మనకు ఎక్కడుంది?

బందరులోని డచ్చి సమాధుల దగ్గర ఆ అమ్మాయి మోకాళ్ల మీద కూర్చుంది. రాతిపలక మీద వంశచిహ్నం, దాని కింద అక్షరాలు. ఒక్కొక్క అక్షరంలో వేలు పెట్టి కూడబలుక్కుంది. ఇంగ్లిషు అక్షరాలే, మాట మాత్రం ఇంగ్లిషు కాదు. "అచ్చరాలొస్తున్నయి గాని అర్థమైతలేదు సార్" అంది. కోట దగ్గర 1864 తుపాను సంగతి చెప్పాను. ఒక్క రాత్రిలో సముద్రం ఊరి మీదికొచ్చి సుమారు 30,000 మందిని మింగిందనగానే పిల్లలంతా నీళ్ల వైపు తిరిగి చూశారు. బందరు దగ్గరి పెడనలో చెక్క అచ్చును రంగులో అద్ది గుడ్డ మీద కొడుతుంటే మాత్రం వాళ్లకు ఏదీ విప్పి చెప్పాల్సిన పని పడలేదు. సిద్దిపేట గొల్లభామ చీరలు ఎరిగిన పిల్లలు వాళ్లు.

మన బడులు పిల్లల్ని గోల్కొండకు, సాలార్జంగ్ మ్యూజియానికి తీసుకుపోయి అక్కడితో ఆపుతున్నాయి. అది సగం కథ. రెండో సగం బందరులో ఉంది. ప్రతి సమాధి పక్కన దాని మీది రాత తెలుగులో ఉండాలి. కోటలో మిగిలిన కట్టడాలు కూలకముందే బాగు చేయాలి. రేవు చరిత్ర చెప్పే మ్యూజియం ఆ కోటలోనే వెలయాలి. రాష్ట్రాలు రెండైనా ఈ చరిత్ర ఒక్కటే. రెండు ప్రభుత్వాలూ కలిసి చేయాల్సిన పని ఇది.

వాన నీటిచుక్కను పోనీయకుండా ఒడిసిపట్టడం మా ఊరు నేర్చుకుంది. ఇంకా మన కళ్ల ముందే ఉన్న చరిత్రను పోనిస్తే తప్పు మనదే. వచ్చే దసరా సెలవులకు మళ్లీ బయలుదేరుతున్నాం. ఈసారి దారిలో నాగులవంచలో ఆగి పోతాం.

– ఇబ్రహీంపూర్, సిద్దిపేట జిల్లా