పెండ్లి ఖర్చు ఎవరిది? వాటా ఎవరిది?

లేపాక్షి వీరభద్రాలయానికి వచ్చినవాళ్ళు పైకప్పు లేని కల్యాణ మండపాన్ని చూసే ఉంటారు. శివపార్వతుల పెళ్ళి కోసం 16వ శతాబ్దంలో మొదలుపెట్టిన ఆ మండపం సగంలోనే ఆగిపోయింది. అచ్యుతదేవరాయల కోశాధికారి విరూపణ్ణ ఖజానా సొమ్మును అనుమతి లేకుండా గుడికి ఖర్చుపెట్టాడని నింద వచ్చిందనీ, రాజు శిక్షించకముందే తన కళ్ళు తానే పెరికి గోడకు కొట్టుకున్నాడనీ ఇక్కడ చెప్పుకుంటారు. గోడమీది ఎర్రటి మరకల్ని ఇప్పటికీ చూపిస్తారు. నిజమో కట్టుకథో గానీ, దేవుడి పెళ్ళి దగ్గర కూడా "ఎవరి సొమ్ము?" అన్న ప్రశ్న తప్పలేదన్నమాట.

ఈమధ్య ఒక ఆదివారం మా సంఘం సభ్యులం పదిమందిమి ఆ మండపం స్తంభాల నీడలో కూర్చున్నాం. మాలో ఒకామె కూతురికి సంబంధం వచ్చింది. "కట్నం ఒక్క పైసా వద్దన్నారక్కా. పెండ్లి మాత్రం హిందూపురంలో మంటపం తీసుకుని గొప్పగా చెయ్యమన్నారు. మంచి సంబంధమే కదా?" అని అడిగింది. అడిగిందే గానీ ఆమె మొహంలో సంతోషం కనిపించలేదు.

అందరం కలిసి లెక్క వేశాం. మంటపం అద్దె, రెండు పూటల భోజనాలు, బట్టలు, వీడియో, పెట్టుపోతలు, మగపెళ్ళివారు వచ్చే బస్సు. ఆమె పొదుపు సంఘంలో తీసుకోబోయే అప్పూ, కూతురు బెంగుళూరు గార్మెంట్ ఫ్యాక్టరీలో నాలుగేళ్ళు కుట్టి ఇంటికి పంపిన జీతమూ కలిపినా చాలవు. మిగతాది వడ్డీకి తేవాలి. ఏడాదికి 550 మిల్లీమీటర్లకు అటూ ఇటూగా వాన పడే నేల ఇది. 2022లో జిల్లా విడిపోయి మా మండలం శ్రీ సత్యసాయి జిల్లాలో చేరినా, కరువు మమ్మల్ని విడిచిపోలేదు. వేరుశనగ పండితే తీరుతుందనుకున్న అప్పు ఎన్ని పెళ్ళిళ్ళ తర్వాత తీరిందో మీలో చాలామందికి తెలుసు.

"ఆడపిల్ల తండ్రి పెళ్ళి ఖర్చు పెట్టుకోవాలి" అంటారు. ఈ ఇంట్లో అప్పు పత్రం మీద సంతకం తల్లిది. కూడబెట్టిన జీతం పెళ్ళికూతురిది. శుభలేఖ మీద పేరు మాత్రం తండ్రిది.

మాలో పెద్దావిడ ఇదంతా విని నవ్వింది. "మా కాలంలో మొగపిల్లోని వాళ్ళే ఓలి ఇచ్చి చేసుకుంటాండ్రి. పెండ్లి వాళ్ళ ఇంటిముందరే. ఈ కట్నం మాట యాడనుంచి వచ్చిందో!" అంది. ఆమె మాట నిజం. శ్రమచేసి బతికే అనేక కులాల్లో ఓలి ఆచారం ఉండేది. తాళిలో కూడా పుట్టింటి బొట్టు ఒకటి, అత్తింటి బొట్టు ఒకటి. బంధువులు చదివించే ముయ్యి పెళ్ళి భారాన్ని ఊరంతా పంచుకునే పద్ధతి. కాబట్టి ఖర్చంతా ఆడపిల్లవాళ్ళదేనని "సంప్రదాయం" పేరుతో చెబుతున్నది మనలో చాలా ఇళ్ళకు రెండు మూడు తరాల కిందటి అరువు సరుకే. పై కులాలను అనుకరించడం, అబ్బాయి ఉద్యోగానికి ధర కట్టడం, పొలంలో ఆడవాళ్ళ చాకిరీని లెక్కలోంచి తీసేయడం, ఇవి కలిసి దాన్ని తెచ్చిపెట్టాయి.

అలాగని ఓలిని పొగడలేం. ఆ డబ్బు పిల్ల తండ్రికే చేరేది, పిల్లకు కాదు. శుల్కానికి పసిపిల్లల్ని ముసలివాళ్ళకు కట్టబెట్టిన దుర్మార్గాన్ని గురజాడ 1897లో అచ్చయిన "కన్యాశుల్కం"లోనే చూపించాడు. అప్పుడు కొన్నారు, ఇప్పుడు ఎదురిచ్చి పంపుతున్నారు. రెండు బేరాల్లోనూ ఆమెను అడిగినవాళ్ళు లేరు.

చదువుకున్న చెల్లెలొకతె "చెరిసగం పెట్టుకుంటే సరిపోతుంది కదా" అంది. నగరాల్లో ఇప్పుడు ఇదే ఆధునిక పద్ధతి. నేను కాదనను. కానీ ఎంతమందిని పిలవాలో, ఏ మంటపమో ఒక పక్షమే నిర్ణయించి బిల్లులో సగం రెండో పక్షానికి పంపితే అది సమానత్వం కాదు. పైగా బంగారం, బండి, సామాను ఆ సగం లెక్కలోకి రానే రావు.

అసలు చిక్కు ఇంకొకటుంది. దాన్ని నా బతుకులోనే చూశాను. నా పెళ్ళికి మా నాన్న రెండెకరాల చేను అమ్మాడు. పదేళ్ళ తర్వాత ఉమ్మడి ఆస్తిలో నా వాటా మాట ఎత్తితే, "నీ వాటా నీ పెండ్లిలోనే అయిపోయింది" అన్నాడు మా అన్న. ఆ పెళ్ళిలో నేను తిన్నది ఒక విస్తరి. అన్న పెళ్ళికీ ఖర్చయింది, కానీ ఆయన వాటాలో రూపాయి తగ్గలేదు.

చట్టం ఏమంటోంది? 1956 నాటి హిందూ దత్తత, భరణాల చట్టం పెళ్ళికాని కూతురి భరణంలో ఆమె వివాహానికి అయ్యే సమంజసమైన ఖర్చును కూడా చేర్చింది. అది ఆమె హక్కే గానీ, వాటాకు బదులు కాదు. ఎన్.టి. రామారావు ప్రభుత్వ కాలంలో వచ్చిన 1986 నాటి ఆంధ్రప్రదేశ్ సవరణ చట్టం, కూతుళ్ళను ఉమ్మడి ఆస్తికి దూరం పెట్టడమే వరకట్నానికి దారితీసిందని తన పీఠికలోనే రాసుకుంది. అప్పటికే పెళ్ళయినవాళ్ళను మాత్రం వదిలేసింది. 2005లో కేంద్ర సవరణ పెళ్ళితో సంబంధం లేకుండా కూతురికీ కొడుకుతో సమానంగా హక్కు ఇచ్చింది. ఆ నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పనిలేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చింది. ఇన్ని చట్టాలున్నా, "పెళ్ళి ఘనంగా చేశాం కదా" అన్న ఒక్క మాటతో ఆడపిల్ల చేత హక్కు విడుదల పత్రం మీద సంతకం పెట్టిస్తున్నారు. కట్నం ఇవ్వడం, పుచ్చుకోవడం 1961 నుంచీ నేరం. మంటపానికీ వంటవాళ్ళకీ పోయే డబ్బు మాత్రం ఎవరి చేతికీ కట్నంగా ఇచ్చినట్టు కనిపించదు. అందుకే కట్నం ఈ దారిన వస్తోంది.

గ్రామాల్లో పనిచేస్తున్న మనం "ఖర్చు ఎవరిది?" అన్న ప్రశ్న దగ్గరే ఆగకూడదు. సంబంధం మాట్లాడేటప్పుడు పెళ్ళికూతురు అక్కడ కూర్చోవాలి. ఖర్చెంతో ఆమె ముందే రాయాలి, ఇద్దరూ భరించగలిగినంతే పెట్టాలి. ఆమె జీతం ఎంత పడిందో అందులో ఉండాలి. పెళ్ళికిచ్చిన కానుకల జాబితా రాయాలని 1985 నిబంధనలు చెబుతున్నాయి. ఆ కాగితం ఆమె దగ్గర ఉండాలి. పెళ్ళి ఖర్చు చూపించి వాటా వదులుకోమంటే సంతకం పెట్టవద్దని ప్రతి ఇంట్లో చెప్పాలి. పొదుపు సంఘాల సమావేశాల్లో, పెళ్ళి కోసం అప్పు అడిగిన రోజే, ఈ మాట మాట్లాడాలి. అప్పుడు "కూతురి పెళ్ళికి అడ్డం పడుతున్నారు" అని మనల్ని తిడతారు. తిట్టనివ్వండి.

లేచి వచ్చేముందు ఆ తల్లి, "మంటపం వద్దు, మా ఇంటిముందర పందిరేసి చేస్తామంటే వాళ్ళు ఒప్పుకోకపోతే?" అని అడిగింది. ఒప్పుకోకపోతే కట్నం వద్దన్న మాట ఎంతవరకు నిజమో పెళ్ళికి ముందే తెలిసిపోతుంది అన్నాను. ఆమె కాసేపు ఆలోచించింది. "మా పాపనే పోయి అడగమంటా" అంది.

నాకు నా పెళ్ళి నాడు అలా అడగాలని తోచలేదు. అడగమన్నవాళ్ళూ లేరు.