ఫ్యాన్ తిరుగుతోందని ఎవరి మాట నమ్మాలి?

రాత్రి రెండింటికి మన సర్వర్ రూములో ఏసీ ఆగిపోతే ఏమవుతుందో మీలో చాలామందికి అనుభవమే. పావుగంటలో పదిమంది ఫోన్లు మోగుతాయి. పొద్దున్నకల్లా క్లయింటుకి మెయిల్ వెళ్ళాలి. ఎందుకు ఆగింది, ఎంతసేపు ఆగింది, మళ్ళీ ఆగకుండా ఏం చేస్తున్నారు అంటూ సాయంత్రానికి రిపోర్టు అడుగుతారు. ఇంతా చేస్తే ఆ రూములో ఉన్నవి ఇనప డబ్బాలు.

ఇప్పుడు కొత్తగూడెంలోనో మణుగూరులోనో ఒక భూగర్భ గని మెయిన్ ఫ్యాన్ ఆగిందనుకోండి. లోపల మనుషులున్నారు. మేనేజరుకి కబురెళ్తుంది, రిజిస్టర్లో రాస్తారు, మనుషుల్ని పైకి తెస్తారు. పద్ధతి ప్రకారం జరిగితే అంతా బాగానే ఉంటుంది. కానీ ఆ ఫ్యాన్ నిరుడు ఎన్నిసార్లు ఆగింది? ఆగిన ప్రతిసారీ మనుషులు నిజంగా బయటికొచ్చారా? తనిఖీకి వచ్చిన ప్రభుత్వ అధికారి ఏ తప్పు రాసి వెళ్ళారు, అది సరిచేశారా లేదా? రోజూ ఆ బాయిలో దిగే మనిషి భార్యకి ఇవి తెలుసుకోవాలని ఉంటే ఎక్కడ చూడాలి? నా గోలంతా దీని గురించే.

శ్రీరామనవమికి భద్రాచలం వెళ్ళే మనవాళ్ళు 'భద్రాచలం రోడ్' అని రైలు టికెట్టు కొని కొత్తగూడెంలో దిగుతారు. ఆ పట్టాలు రాములవారి కోసం వేసినవి కావు, బొగ్గు కోసం వేసినవి. 1871లో విలియం కింగ్ ఇల్లెందు దగ్గర బొగ్గు గుర్తించిన దగ్గర్నుంచీ ఆ అడవి అంచుల బతుకంతా దాని చుట్టూనే తిరిగింది. సింగరేణిలో రాష్ట్రానికి 51 శాతం, కేంద్రానికి 49 శాతం వాటా. అంటే మొత్తం సర్కారుదే. గనుల భద్రత చూడాల్సిన డీజీఎంఎస్, అంటే గనుల భద్రతా డైరెక్టరేట్ జనరల్, ధన్‌బాద్‌లో ఉంది. అది కేంద్ర కార్మిక శాఖ కింద పనిచేస్తుంది. గని నడిపేదీ సర్కారే, తనిఖీ చేసేదీ సర్కారే. శాఖలు వేరు కదా అంటారు. సరే, ఒప్పుకుందాం. శాఖలు వేరైనప్పుడు ఒక శాఖ ఇంకో శాఖకి రాసిన ఉత్తరం జనానికి చూపించడానికి అభ్యంతరమేంటి?

మన దేశంలో రూల్స్ లేవని మాత్రం ఎవరూ అనలేరు. 2017 కోల్ మైన్స్ రెగ్యులేషన్స్ చూడండి, లెక్కలు చక్కగా ఉన్నాయి. గనిలో ఒక్కో విభాగానికి, పెద్ద షిఫ్టులో పనిచేసే ఒక్కో మనిషికీ నిమిషానికి కనీసం 6 ఘనపు మీటర్ల గాలి, లేదా రోజుకి తీసే ఒక్కో టన్నుకి 2.5 ఘనపు మీటర్లు, ఏది ఎక్కువైతే అది అందాలి. ఆక్సిజన్ 19 శాతానికి తగ్గకూడదు. కార్బన్ డయాక్సైడ్ 0.5 శాతం దాటకూడదు. మండే గ్యాస్ రిటర్న్ గాలిలో 0.75, గనిలో ఎక్కడైనా సరే 1.25 శాతం మించకూడదు. మీథేన్ 5 నుంచి 15 శాతం మధ్య ఉంటే నిప్పురవ్వ చాలు, పేలుతుంది. అంటే రూలు రాసినవాళ్ళు చాలా ముందే గీత గీశారన్నమాట.

ఇబ్బంది ఎక్కడంటే, ఫ్యాన్ తిరిగినంత మాత్రాన గాలి అందినట్టు కాదు. మెయిన్ ఫ్యాన్ పైన నేల మీద ఉంటుంది, పనిచేసే మొఖం కిలోమీటర్ల అవతల ఉండొచ్చు. మంచి గాలి వచ్చే దారికీ, వాడిన గాలి పోయే దారికీ మధ్య కట్టిన గోడలు లీకైతే గాలి దగ్గరి దారి వెతుక్కుని తిరిగి వెళ్ళిపోతుంది. పైన మీటరు మాత్రం అంతా బ్రహ్మాండంగా ఉందని చూపిస్తుంది. చివరి మూలకి గాలి తోసే ఆక్సిలరీ ఫ్యాన్‌ని తప్పుచోట పెడితే పాడు గాలినే మళ్ళీ మళ్ళీ తిప్పుతుంది. దాని గొట్టం చిరిగితే అదీ లేదు.

యంత్రాల సంగతీ అంతే. గ్యాస్ ఉండే చోట వాడే మోటార్లూ స్విచ్చులూ ఫ్లేమ్‌ప్రూఫ్‌వి అయ్యుండాలి, అంటే లోపల నిప్పురవ్వ పుట్టినా మంట బయటికి రాకూడదు. ధన్‌బాద్‌లో సిమ్‌ఫర్ లాంటి ల్యాబుల్లో పరీక్ష చేస్తారు, డీజీఎంఎస్ అనుమతి ఇస్తుంది. అయితే ఆ పరీక్ష పాసైంది కొత్త నమూనా. తడిలో, దుమ్ములో అయిదేళ్ళు తిరిగిన తర్వాత ఆ డబ్బాకి ఒక బోల్టు ఊడినా, మూత దగ్గర సందు పెరిగినా అది ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు, సర్టిఫికెట్టు మాత్రం అలాగే ఉంటుంది. స్టేజింగ్‌లో పాసైన బిల్డు ప్రొడక్షన్లో ఎలా ఏడిపిస్తుందో మనకి ఎవరూ చెప్పక్కర్లేదు కదా.

మరి రోజువారీ ఇవన్నీ చూసేదెవరు? కంపెనీ వెంటిలేషన్ ఆఫీసరు, కంపెనీ ఓవర్‌మెన్, కంపెనీ సేఫ్టీ విభాగం. వాళ్ళ చిత్తశుద్ధిని నేను శంకించడం లేదు, వాళ్ళూ అదే గాలి పీలుస్తారు. 2022 మార్చిలో రామగుండం ప్రాంతంలోని అడ్రియాల లాంగ్‌వాల్ గనిలో కప్పు కూలి ముగ్గురు చనిపోతే వాళ్ళలో ఒకరు సేఫ్టీ ఆఫీసరే. కానీ కోడు రాసిన టీమే టెస్టు చేసి, ఆ టీమే సైన్ ఆఫ్ ఇస్తే మన క్లయింటు ఒప్పుకుంటాడా? ప్రొడక్షన్ టార్గెట్టూ సేఫ్టీ రిజిస్టరూ ఒకే మేనేజరు బల్ల మీద ఉన్నప్పుడు ఏది బరువెక్కుతుందో ఊహించడం కష్టమా?

"సింగరేణిలో పెద్ద ప్రమాదాలు గాలి వల్ల రాలేదు కదా, ఎందుకీ హడావుడి" అని మైనింగ్ మిత్రులు అనొచ్చు. 2003 జూన్‌లో గోదావరిఖని 7 ఎల్‌ఈపీలో 17 మంది పోయింది నీళ్ళు ముంచెత్తి. అదే ఏడాది అక్టోబరులో 8ఏ గనిలో 10 మంది పోయింది కప్పు కూలి. నిజమే. అయితే 1994 జనవరి 25న పశ్చిమ బెంగాల్లో న్యూ కెండా గనిలో 55 మంది చనిపోయింది నిప్పు అంటుకుని, గాలి విషమై. 2010 మేలో ఛత్తీస్‌గఢ్ అంజన్ హిల్‌లో 14 మంది పోయింది గ్యాస్ పేలి. అవీ సర్కారు గనులే, అదే చట్టం, అదే డీజీఎంఎస్. మన బొగ్గుకీ తనంతట తానే వేడెక్కి అంటుకునే గుణం ఉంది. మన దగ్గర ఇంకా కాలేదు కాబట్టి కాదులే అనేది బ్యాకప్పు తీసుకోనివాడి వాదన.

"ఇది బీద దేశం గొడవ" అనుకునేవాళ్ళు న్యూజిలాండ్ వైపు చూడాలి. 2010 నవంబరు 19న అక్కడ పైక్ రివర్ గనిలో పేలుడుకి 29 మంది చనిపోయారు. గ్యాస్ ఉన్న ఆ గనిలో మెయిన్ ఫ్యాన్‌ని భూమి లోపలే పెట్టారు, దాని మోటారు ఫ్లేమ్‌ప్రూఫ్ కాదు. రాయల్ కమిషన్ విచారణలో తేలిన సంగతి వింటే కడుపు రగులుతుంది. పేలుడుకి ముందు 48 రోజుల్లో మీథేన్ పేలే స్థాయికి చేరిందని 21 రిపోర్టులు, దానికంటే తక్కువైనా ప్రమాదమేనని ఇంకో 27 రిపోర్టులు ఆ కంపెనీ కాగితాల్లోనే ఉన్నాయి! లోపలి మనుషులు రాశారు, పైన ఎవరూ పట్టించుకోలేదు, బయటివాళ్ళకి కనపడలేదు. అప్పటికి దేశం మొత్తానికి ప్రభుత్వ గనుల ఇన్‌స్పెక్టర్లు ఇద్దరే. కమిషన్ రిపోర్టు వచ్చాక కార్మిక మంత్రి ఆ శాఖకి రాజీనామా చేశారు. పోయిన 29 మందికి దానివల్ల ఒరిగిందేమీ లేదు.

అమెరికాలో ఇంకో పద్ధతి. భూగర్భ గనిని ఏడాదికి కనీసం నాలుగుసార్లు పూర్తిగా తనిఖీ చెయ్యాలని చట్టం, ముందే కబురివ్వడం నేరం. ఏ గనిలో ఎప్పుడు తనిఖీ అయింది, ఏ తప్పు పట్టారు, ఎంత జరిమానా వేశారు, అన్నీ ఎవరైనా నెట్లో గని పేరు కొట్టి చూసుకోవచ్చు. అలాగని అక్కడ స్వర్గమేం కాదు. 2010 ఏప్రిల్లో వెస్ట్ వర్జీనియా అప్పర్ బిగ్ బ్రాంచ్ గనిలో 29 మంది చనిపోయారు. అక్కడ ప్రమాదాల సంగతులు రాసుకోడానికి రెండు రకాల పుస్తకాలు పెట్టారని, తనిఖీ అధికారులొస్తే లోపలికి ముందే కబురు పంపేవారని దర్యాప్తులో బయటపడింది. కానీ అక్కడ కంపెనీ అధిపతి డాన్ బ్లాంకెన్‌షిప్ కోర్టులో దోషిగా నిలబడి ఏడాది జైలు శిక్ష అనుభవించాడు.

మన 1952 గనుల చట్టంలో, ఉల్లంఘన వల్ల మనిషి చనిపోతే శిక్ష రెండేళ్ళ దాకా జైలు, లేదా 5000 రూపాయల దాకా జరిమానా, లేదా రెండూ. అయిదు వేలు! మనం ఒక వీకెండు రిసార్టులో ఖర్చుపెట్టే డబ్బులు. 2025 నవంబరు 21 నుంచి అమల్లోకి వచ్చిన కొత్త భద్రతా కోడ్‌లో ఆ జరిమానా కనీసం 5 లక్షలైంది, అందులో కనీసం సగం కుటుంబానికి ఇప్పించొచ్చు. మంచిదే. కానీ అదే కోడ్ ఇన్‌స్పెక్టరు పేరుని 'ఇన్‌స్పెక్టర్ కమ్ ఫెసిలిటేటర్' అని మార్చింది. ఫెసిలిటేటర్ అంటే పని సులువు చేసిపెట్టేవాడు. ఎవరి పని? బొగ్గు తీసేవాళ్ళదా, బొగ్గు తీయించేవాళ్ళదా? పోలీసు కమ్ మధ్యవర్తి అని ఒక పోస్టు పెడితే మనం నవ్వమూ?

"భూగర్భ గనుల నుంచి వచ్చేది సింగరేణి బొగ్గులో పదో వంతు కూడా లేదు, ఎలాగూ మూతపడేవే" అని ఇంకో వాదన ఉంది. నా దృష్టిలో అసలు ప్రమాదం ఈ వాదనే. ఓపెన్‌కాస్టు అంటే పైనున్న అడవి పోవాలి, కోయగూడేలు కదలాలి, ఊళ్ళు ఖాళీ అవ్వాలి. భూగర్భ గనిలో ఎక్కువమందికి పని, పైన చెట్లు చాలావరకు ఉన్నచోటే ఉంటాయి. భూగర్భ గని ప్రమాదకరం అనే పేరు పడితే ఓపెన్‌కాస్టుకి అది మంచి సాకు అవుతుంది. అందుకే గని లోపలి గాలి మీద శ్రద్ధ పెట్టడం కిన్నెరసాని చుట్టూ ఉన్న అడవికి కూడా అవసరం.

నేను అడిగేవి నాలుగే.

ఒకటి, ప్రతి గనికీ డీజీఎంఎస్ ఇచ్చిన ఉల్లంఘన లేఖలూ, అవి ఏ తేదీన సరిచేశారో గనివారీగా నెట్లో పెట్టాలి. మనుషుల పేర్లు తీసెయ్యండి, అభ్యంతరం లేదు.

రెండు, మెయిన్ ఫ్యాన్ ఆగిన ప్రతిసారీ తేదీ, ఎన్ని నిమిషాలు, కారణం, మనుషుల్ని బయటికి తెచ్చారా లేదా అన్నది నెలనెలా ప్రకటించాలి. గని గేటు దగ్గర తెలుగులో అంటించాలి.

మూడు, మండే గ్యాస్ 0.75, 1.25 గీతలు దాటిన ప్రతి రీడింగూ బయటికి రావాలి. గ్యాస్ కొలిచి పైకి పంపే సెన్సర్లు కొత్త విద్యేం కాదు. వాటి లాగ్ కంపెనీతో పాటు ఇన్‌స్పెక్టరు దగ్గరికి కూడా నేరుగా చేరాలి, మధ్యలో ఎవరూ దిద్దడానికి వీల్లేకుండా.

నాలుగు, మన ప్రాంతానికి మంజూరైన ఇన్‌స్పెక్టర్ పోస్టులెన్ని, మనుషులున్నవెన్ని, ఏ గనికి ఏడాదిలో ఎన్నిసార్లు దిగారు, చెప్పాలి.

వీటిలో ఏ ఒక్కటీ వ్యాపార రహస్యం కాదు. గాలిలో ఎంత గ్యాస్ ఉందో తెలిస్తే పక్క కంపెనీ వచ్చి మన బొగ్గు ఎత్తుకుపోదు.

మన చేతిలో ఏముంది అంటారా? డీజీఎంఎస్ కేంద్ర సంస్థ, సమాచార హక్కు దరఖాస్తుకి పది రూపాయలు. కొత్తగూడెం, మణుగూరు ఏరియాల్లో నడుస్తున్న ఏదో ఒక భూగర్భ గని పేరు రాసి, గత మూడేళ్ళ తనిఖీ తేదీలూ, వెంటిలేషన్ మీద ఇచ్చిన ఉల్లంఘన లేఖల నకళ్ళూ అడగండి. మీ ఇంట్లో ఎవరైనా బాయి పని చేసి మిమ్మల్ని చదివించుంటే వాళ్ళ కోసం అడగండి, లేకపోయినా అడగండి. ఖమ్మం ఎంపీకీ, మణుగూరు వైపైతే మహబూబాబాద్ ఎంపీకీ అదే ప్రశ్న పంపండి, పార్లమెంటులో వెయ్యమనండి. ఇవ్వం అని రాసిస్తే, ఏ కారణం చెప్పి ఇవ్వనన్నారో ఆ కాగితం దాచండి. మొదటి అప్పీలుకి అదే పనికొస్తుంది.