మాటలు – అర్థాలు: మేధాసంపత్తి

భిలాయి ఉక్కు కర్మాగారంలో తయారైన రైలు పట్టా ఎవరి ఆస్తి? కొన్నవారిది. ఒకరు తీసుకుపోతే అది మరొకరికి మిగలదు. ఆస్తి అన్న మాటకు లోకంలో ఉన్న అర్థం ఇదే.

అదే కర్మాగారంలో ఉద్యోగం చేసిన తీజన్ బాయి పాండవాని గాయని. ఒకప్పుడు పురుషులకే పరిమితమైన కాపాలిక శైలిలో, తంబూరా చేతబట్టి నిలబడి భారతకథను గానం చేశారు. 2019లో పద్మవిభూషణ్ అందుకున్నారు. ఆ పాటను ఎన్ని వేలమంది విన్నా ఆమె వద్ద తరిగిపోదు. మరి ఆ పాట ఎవరి ఆస్తి?

ఇక్కడే 'మేధాసంపత్తి' అన్న మాట ఎదురవుతుంది. 'ఆయన మేధాసంపత్తి అపారం' అన్నప్పుడు అది కేవలం బుద్ధిబలానికి ప్రశంస. న్యాయపరిభాషలో మాత్రం బుద్ధి నుండి పుట్టినవాటిపై చట్టమిచ్చే హక్కులకు అది ఉమ్మడి పేరు. అయితే భారతదేశంలో ఆ పేరుతో ఒకే చట్టమేదీ లేదు; ఉన్నవి వేరువేరు చట్టాలు.

ఉక్కును తయారుచేసే కొత్త పద్ధతికి పేటెంటు లభిస్తుంది. దాని గడువు 20 ఏళ్లు. ఆ పద్ధతి వివరాలను లోకానికి వెల్లడించడమే అందుకు చెల్లించే మూల్యం. గ్రంథానికి కాపీరైటు రచయిత జీవితకాలం, ఆపైన 60 ఏళ్లు ఉంటుంది. అది రచనను కాపాడుతుందే గాని అందులోని భావాన్ని కాదు. ట్రేడ్‌మార్కును 10 ఏళ్లకొకసారి పునరుద్ధరించుకుంటూ పోవచ్చు. సరుకు పేరు చూసి కొనేవాడు మోసపోకుండా చూడడం దాని ప్రయోజనం. గడువులు వేరు, గమ్యాలు వేరు.

తిరిగి పాండవానికి వస్తే, భారతకథ ఏ ఒక్కరిదీ కాదు. గానశైలి తరతరాల గాయకులది. తీజన్ బాయి గానాన్ని ఆమె అనుమతి లేకుండా రికార్డు చేసి అమ్మడం మాత్రం తగదు; కాపీరైటు చట్టానికి 1994లో జరిగిన సవరణ ప్రదర్శకులకు అటువంటి రక్షణ కల్పించింది. కాని ఏ పల్లెలోనైనా ఒక బాలిక అదే కథను, అదే శైలిలో నేర్చుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. తీజన్ బాయి కూడా మాతామహుడు పాడుతుండగా విని నేర్చుకున్నవారే. పాట కూడా రైలు పట్టా వంటి ఆస్తే అనుకుంటే, ఆ బాలిక దొంగగా నిలబడవలసి వస్తుంది.

కనుక 'మేధాసంపత్తిని దొంగిలించారు' అన్న ఆరోపణ వినబడినప్పుడు, తీర్పు చెప్పేముందు అడగవలసిన ప్రశ్న ఒకటున్నది: ఏ హక్కు? పేటెంటా, కాపీరైటా, ట్రేడ్‌మార్కా? సమాధానం రాకపోతే, అక్కడ పోయిన ఆస్తి ఏదీ లేకపోవచ్చు.