మేనమామ రక్తమే మంచిదా?

థలసీమియా ఉన్న బిడ్డకు మూడు, నాలుగు వారాలకోసారి రక్తం ఎక్కించాలి. మన గోదావరి జిల్లాల్లో ఏ ఇంట్లో ఈ అవసరం వచ్చినా ముందుగా వినబడే మాట ఒకటుంది. ‘బయటివాళ్ల రక్తం ఎందుకండీ, మేనమామ ఉన్నాడుగా!’ ప్రేమతో అన్న మాటే. కానీ ఆ బిడ్డకు మున్ముందు ఎముక మూలుగ మార్పిడి చేయించే ఆలోచన ఉంటే ఆ ప్రేమ ఎదురు తిరగవచ్చు. ఎందుకో తెలియాలంటే మన రోగనిరోధక కణాలు సొంతవాళ్లనీ పరాయివాళ్లనీ ఎలా గుర్తుపడతాయో కాస్త చూడాలి.

వాటికి బ్లడ్ గ్రూపుతో పెద్దగా పని లేదు. గ్రూపు వేరైనా మూలుగ మార్పిడి చేస్తున్నారు. అవి చూసేది కణాల మీదుండే హెచ్‌ఎల్‌ఏ గుర్తుల్ని. వీటిలో సగం అమ్మ నుంచి, సగం నాన్న నుంచి వస్తాయి. అందుకే తోబుట్టువుల్లో ఒక్కొక్కరూ పూర్తిగా సరిపోయే అవకాశం నాలుగింట ఒక వంతే. అమ్మానాన్నలు మాత్రం కనీసం సగం సరిపోతారు.

హెచ్‌ఎల్‌ఏని ఒక పళ్లెం అనుకోండి. కణం తన లోపలి ప్రోటీన్ల ముక్కల్ని అందులో పెట్టి బయటికి చూపిస్తుంది. దాత నుంచి వచ్చిన టి-కణాలు ఆ పళ్లేన్నీ ముక్కనూ కలిపే చూస్తాయి. పళ్లెమే కొత్తదైతే ఒకేసారి చాలా టి-కణాలు ఉలిక్కిపడతాయి. పళ్లెం అదే అయినా ముక్క కొత్తదైతే కొన్ని మాత్రమే లేస్తాయి. అక్క మూలుగ తమ్ముడికి పూర్తిగా సరిపోయినా ఒక్కోసారి గొడవ వచ్చేది ఇందుకే. మగవాళ్ల వై క్రోమోజోమ్ తయారుచేసే ప్రోటీన్లు అక్క శరీరంలో ఉండవు కదా.

కిడ్నీ మార్పిడిలో శరీరం కొత్త కిడ్నీని తిప్పికొడుతుందని చాలామందికి తెలుసు. మూలుగ మార్పిడిలో దానికి తోడు రెండో ప్రమాదం కూడా ఉంది. లోపలికొచ్చిన కణాలే ఇంటి యజమానిని పరాయివాడనుకుని చర్మం, పేగులు, కాలేయం మీద పడతాయి. డాక్టర్లు దీన్ని జీవీహెచ్‌డీ అంటారు. మార్పిడికి ముందు ఇచ్చే కీమోథెరపీతో దెబ్బతిన్న పేగులు పంపే సంకేతాలు ఈ దాడిని ఇంకా ఎగదోస్తాయి. హైదరాబాద్‌లోనో వెల్లూరులోనో మార్పిడి చేయించుకుని ఇంటికొచ్చాక అరచేతుల్లో, అరికాళ్లలో ఎర్రటి దద్దుర్లు, ఆగని విరేచనాలు, కళ్లు పచ్చబడటం కనిపిస్తే వీధి చివర మందుల షాపుకు వెళ్లకండి. ఆ రోజే మార్పిడి చేసిన డాక్టర్‌కు ఫోన్ చేయండి.

మరి సగమే సరిపోయే నాన్న మూలుగను ఎలా ఎక్కిస్తున్నారు? కిటుకు సమయంలో ఉంది. పరాయివని గుర్తుపట్టిన టి-కణాలు మొదటి రోజుల్లోనే వేగంగా పెరగడం మొదలుపెడతాయి. సరిగ్గా మూడు, నాలుగు రోజులకు సైక్లోఫాస్ఫమైడ్ ఇస్తే అలా పెరుగుతున్నవే ఎక్కువగా చస్తాయి. ఆ మందును తట్టుకునే ఎంజైమ్ ఉండటం వల్ల మూలకణాలు బతుకుతాయి. అమెరికాలోని జాన్స్ హాప్కిన్స్ వైద్యులు రూపొందించిన పద్ధతి ఇది. అంతకుముందు నుంచీ ఇదే పనికి వాడుతున్న మెథోట్రెక్సేట్ వెనక మనవాడే ఉన్నాడు. భీమవరంలో 1895లో పుట్టి, రాజమండ్రిలో చదువుకున్న యల్లాప్రగడ సుబ్బారావు నడిపించిన లెడర్లీ పరిశోధక బృందం నుంచి వచ్చిన మందది. పెరిగే కణాలకు ఫోలిక్ యాసిడ్ ఉపయోగపడకుండా చేస్తుంది. సైక్లోస్పోరిన్‌తో కలిపి ఇస్తే జీవీహెచ్‌డీ తగ్గుతుందని 1986లో సియాటిల్ వైద్యులు చూపించారు.

లుకేమియాలో దాత కణాల దాడి కొంత మేలు కూడా చేస్తుంది, మిగిలిన క్యాన్సర్ కణాల్నీ అవి వేటాడతాయి. థలసీమియాలో ఆ లాభం లేదు. కాబట్టి సగం మ్యాచింగ్‌కు ఒప్పుకునే ముందు పూర్తి మ్యాచింగ్ కోసం బంధువుల్లోనూ దాతల రిజిస్ట్రీల్లోనూ వెతికారా అని డాక్టర్‌ను అడగడం మీ హక్కు.

ఇక మేనమామ సంగతి. రక్తం సంచిలోనూ దాత టి-కణాలుంటాయి. మామూలుగా మన శరీరం వాటిని చంపేస్తుంది. కానీ మేనరికాల వల్ల ఒకే హెచ్‌ఎల్‌ఏ సగం అమ్మ వైపు నుంచీ నాన్న వైపు నుంచీ వచ్చినవాళ్లు మన దగ్గర ఉంటారు. ఆ సగం బిడ్డకూ ఉంటే బిడ్డ శరీరానికి ఆ రక్తంలో పరాయిది ఏదీ కనిపించదు. దాత కణాలకు మాత్రం బిడ్డ రెండో సగం పరాయిదే. జపాన్‌లో గుండె ఆపరేషన్లలో బంధువుల తాజా రక్తం ఎక్కించుకున్న కొందరు, అంతకుముందు రోగనిరోధక లోపమేమీ లేనివాళ్లే, ఇలా చనిపోయారు. చాలా అరుదైన జబ్బే, కానీ వస్తే పదిమందిలో తొమ్మిదిమందికి పైగా దక్కరు. పైగా సొంతవాళ్ల రక్తానికి అలవాటుపడిన శరీరం, రేపు వాళ్ల మూలుగనే తిప్పికొట్టవచ్చు. అదే మేనరికంలో ఇంకో వైపు కూడా ఉంది. తోబుట్టువులు సరిపోని చోట అమ్మో, నాన్నో, మేనత్త కొడుకో పూర్తిగా సరిపోయే సందర్భాలుంటాయి. మేనమామ ఇవ్వాల్సింది రక్తం కాదు, హెచ్‌ఎల్‌ఏ పరీక్షకు నమూనా.

తప్పనిసరై బంధువుల రక్తమే ఎక్కించాల్సి వస్తే ఆ సంచిని ముందు రేడియేషన్‌కు గురిచేయాలి. తెల్లకణాల్ని వడకట్టే ఫిల్టరు ఒక్కటే సరిపోదు. మార్పిడి అయినవాళ్లకు ఎవరి రక్తమైనా ఇలాగే ఇవ్వాలి. ఆ యంత్రం ప్రతి ఊళ్లో ఉండదు, అవసరం రాకముందే ఎక్కడుందో కనుక్కోండి. బిడ్డ ఫైలు అట్ట మీద ‘రేడియేషన్ ఇచ్చిన రక్తం మాత్రమే’ అని డాక్టర్‌తో పెద్ద అక్షరాల్లో రాయించి పెట్టుకోండి. అర్ధరాత్రి డ్యూటీలో ఉన్న నర్సుకు మీ బిడ్డ చరిత్ర తెలియకపోవచ్చు.