అరటి బోదె, కృత్రిమపట్టు, కోనసీమ కర్తవ్యము

రావులపాలెము మార్కెట్టు యార్డునకు గెలలు చేరిన పిమ్మట, ఆ గెలలను మోసిన చెట్ల గతి యేమైనదని విచారించువారు మనలో అరుదు. అరటి ఒక్కమారే గెల వేయును. గెల కోసిన వెనుక కొత్తపేట ప్రాంతపు తోటలలో కర్పూర, చక్కెరకేళి, అమృతపాణి అను భేదము లేక బోదెలన్నియు నరకబడి, కొన్ని దుక్కిలో కలిసిపోవుచుండగా, తక్కినవి గట్లమీదను పంటకాలువలలోను పడి కుళ్లుచు సాగునీటికి అడ్డము నిలుచుచున్నవి. కూరకు దవ్వయు, పూలదండకు నారయు తీసికొనుటతో మన యిండ్లలో దానికి జరుగు మర్యాద ముగియుచున్నది. అయినను ఆ నారయందే కృత్రిమపట్టునకును, వాడి పారవేసిన పిమ్మట మట్టిలో కలిసిపోగల పారదర్శకమైన పొరకును వలయు మూలపదార్థము కలదు. దానిని వినియోగించుకొనుటకు కోనసీమ పూనుకొనవలెననియు, ఆ పనికి లోకమున చిరకాలముగా వాడుకలోనున్న విషపూరిత పద్ధతిని మాత్రము మన కాలువగట్లకు రానీయరాదనియు నా నిశ్చితాభిప్రాయము.

ఆ మూలపదార్థము సెల్యులోజు. దూదిలో ఇది నూటికి 90 పాళ్ల దాకను, అరటినారలో రమారమి 60 పాళ్లును ఉండును. ఇది నీట కరగదు. వేడిచేసినచో ద్రవము కాక మాడిపోవును. కావున దీనిని ఉపాయముగా కరిగించి, కోరిన రూపమున మరల గట్టిపరచవలసియున్నది. 1892లో ఇంగ్లండునందు క్రాస్, బీవన్, బీడిల్ అను మువ్వురు శాస్త్రజ్ఞులు ఆ ఉపాయమును కనుగొనిరి. శుద్ధిచేసిన గుజ్జును కాస్టిక్ సోడా నీటిలో నానబెట్టి, పిండి, తురిమి, కొంతకాలము మాగనిచ్చి, కార్బన్ డైసల్ఫైడుతో కలిపినచో నారింజవన్నె పదార్థ మేర్పడును. దానిని పలుచని సోడా నీటిలో కరిగింపగా తేనెవలె సాగు చిక్కని ద్రవము వచ్చును. ఆ ద్రవమును సూక్ష్మరంధ్రములగుండా గంధకికామ్లపు తొట్టిలోనికి వదలినంతనే సెల్యులోజు దారమై గట్టిపడును, సన్నని చీలికగుండా వదలినచో పొరయై తేలును. ఆ దారమే కృత్రిమపట్టు, అనగా రేయాను; ఆ పొర సెలోఫేను. 1943లో హాలెండు వైద్యుడు విల్లెమ్ కోల్ఫ్ తన కృత్రిమ మూత్రపిండ యంత్రమున రోగి రక్తమును శుద్ధిచేసినది ఈ సెలోఫేను గొట్టముల సాయముననే.

ఇంతటి ఉపకారమునకు కార్మికులు చెల్లించిన మూల్యము సామాన్యమైనది కాదు. కార్బన్ డైసల్ఫైడు ఆవిరిని ఏండ్లతరబడి పీల్చినవారికి నరములు చచ్చుబడుట, మతి చలించుట, గుండెజబ్బులు కలుగుట అనేక దేశములందు రుజువైనది. దక్షిణ కొరియాలోని వోంజిన్ రేయాను కర్మాగారము ఇట్టి విషబాధితుల ఆందోళనల నడుమ 1993లో మూతపడినది. అంతదూర మేల? మనవలెనే కొబ్బరితోటలకును కాలువలకును నెలవైన కేరళలో, మావూరునందు నెలకొల్పిన గుజ్జు, రేయాను పరిశ్రమ చాలియార్ నదిని కలుషితము చేయగా, తీరగ్రామములవారు కె.ఎ. రహ్మాన్ నాయకత్వమున దీర్ఘకాలము పోరాడిరి. ఆ పరిశ్రమ 2001లో శాశ్వతముగా మూతపడినది. త్రాగుటకును, సాగుకును, పశువులకును ఒకే కాలువనీటిని నమ్ముకొన్న అమలాపురము, రాజోలు సీమలు ఆ అనుభవమును కొనితెచ్చుకొనరాదు.

కనుక మనకు తగిన మార్గ మేది? 1990 దశకమున వాణిజ్యస్థాయికి వచ్చిన లయోసెల్ పద్ధతిలో కార్బన్ డైసల్ఫైడు ప్రసక్తియే లేదు. ఒక సేంద్రియ ద్రావకములో సెల్యులోజును నేరుగా కరిగించి, నీటిలో దారముగా తీసి, ఆ ద్రావకమును నూటికి 99 పాళ్ల వరకు రాబట్టి మరల వాడుదురు. వేడి హద్దుమీరినచో ఆ ద్రావకమును ప్రమాదకరమే గనుక దీనికి నిపుణుల పర్యవేక్షణయు, గొప్ప పెట్టుబడియు అవసరము. అట్టి కర్మాగారము పల్లెలో వెలయునని ఆశించుట అవివేకము. దానికి ముడిసరకు సమకూర్చుట మాత్రము మన చేతిలోని పని.

అందును తారతమ్యము తెలిసి నడువవలెను. కొబ్బరి పీచులో పోగులను బిగించియుంచు లిగ్నిను అను పదార్థము నూటికి 40 పాళ్లకు పైగా ఉండును. ఉప్పునీటికి సైతము చెడని దార్ఢ్యము దానివలననే కలిగినది, సెల్యులోజును విడదీయుట కష్టమైనదియు దానివలననే. కావున అంబాజీపేట పీచు త్రాళ్లకును, చాపలకునే శోభించును. అరటినారలో లిగ్నిను స్వల్పము. కాని బోదెలో నూటికి 90 పాళ్లకు పైగా నీరే గనుక దానిని లారీల కెత్తుట నీటికి కిరాయి చెల్లించుటయే యగును. నార తీయు యంత్రములను తోటలకు చేరువగా, రైతుల సహకార సంఘముల యాజమాన్యమున నెలకొల్పి, ఎండిన నారను మాత్రమే పంపవలెను. గుజ్జు చేయుటకై నారను ఉడికించునప్పుడు దిగు నల్లని ద్రవము మరియొక కాలుష్యము. దానిని మండించి రసాయనములను రాబట్టు ఏర్పాటుగల రాజమహేంద్రవరపు కాగితపు మిల్లువంటి చోటనే ఆ పని జరుగవలెను గాని, పంటకాలువ ప్రక్కన కాదు.

ఇంకొక హెచ్చరికను ఈ గోదావరి తీరమే చేయుచున్నది. ములుగు జిల్లా కమలాపురములో రేయాను గుజ్జు తయారుచేయుటకు 1981లో ఉత్పత్తి ప్రారంభించిన కర్మాగారము, సరకునకు గిరాకి సన్నగిల్లి, 2014లో నిలిచిపోయినది. దానిని నమ్ముకొన్న కుటుంబములు వీధిపాలైనవి. ఒక్క సరకును, ఒక్క కొనుగోలుదారును నమ్ముకొన్న వ్యాపారమునకు నిలుకడ యుండదు. కావున మన నారలో కొంత గుజ్జునకు, కొంత కాగితమునకు, కొంత బండారులంక మగ్గములపై ప్రయోగించి చూచుటకు వినియోగపడవలెను.

ప్రభుత్వము చేయవలసినది స్వల్పము: ఆంధ్ర విశ్వకళాపరిషత్తు రసాయన ఇంజనీరింగు శాఖవారిచే మన అరటినార గుజ్జును పరీక్ష చేయించుట, నార యంత్రములకు ఋణమిప్పించుట, కార్బన్ డైసల్ఫైడు వాడు ఏ పరిశ్రమకును డెల్టాలో అనుమతి లేదని శాసించుట. రైతులు చేయవలసినది అంతకన్న స్వల్పము: పరీక్షాఫలితము తేలువరకైనను బోదెను కాలువలో వేయక, తోటలోనే ఎరువుగా కుళ్లనిచ్చుట. ఈ రెండవది ప్రభుత్వోత్తరువు కొరకు వేచియుండనక్కరలేదు, నేడే ఆరంభింపవచ్చును.